కిటికీకో ఆదాయం

హైదరాబాద్‌లోని కాప్రాలో విదేశాల్లో పిల్లలున్న ఇళ్ళు రెండు రకాలు. ఒక రకం ఇళ్ళలో తండ్రి ఎన్‌ఎఫ్‌సీలోనో, ఇంకేదో సర్కారు కొలువులోనో రిటైరై ఉంటాడు. పెన్షన్ ఆర్డరు బీరువాలో ఉంటుంది, నెలనెలా అదే తేదీకి అదే మొత్తం బ్యాంకులో పడుతుంది. వీసా ఫైలు సర్దుకోవడం వాళ్ళకి ఒక సాయంత్రం పని. రెండో రకం ఇళ్ళవాళ్ళు చర్లపల్లి, కుషాయిగూడ, నాచారం పారిశ్రామికవాడల్లో షెడ్లు నడుపుకునేవాళ్ళు, ఏఎస్ రావు నగర్‌లో దుకాణాలు పెట్టుకున్నవాళ్ళు. వీళ్ళలో కొందరు మొదటి రకం వాళ్ళకన్నా ఎక్కువే సంపాదిస్తారు. వీధిలో అందరికీ తెలిసిన ఆ సంగతిని కాగితం మీద చూపమంటే మాత్రం వీళ్ళకి నిద్ర పట్టదు.

కింద మాట్లాడుకుంటున్నవాళ్ళు మేనమామ, మేనకోడలు. ఆయన ఐటీఐ చదివి, ఈసీఐఎల్‌లో అప్రెంటిస్ చేసి, 1998లో చర్లపల్లిలో రెండు లేత్ మిషన్లతో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆమె కాప్రాలోనే పెరిగి జర్మనీలో పైచదువు చదివింది. ఇప్పుడు బెర్లిన్‌లో ఏ కంపెనీలోనూ చేరకుండా, యంత్రాల డిజైన్లు గీసిచ్చే పని సొంతంగా చేసుకుంటోంది. సెలవుకు వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉన్న చిన్న కూతురి దగ్గరికి వెళ్ళాలని ఆయనా ఆయన భార్యా దరఖాస్తు నింపుతుంటే ఈ వాదన పుట్టింది.

మామ: పేరు రాసిన, పుట్టిన తేది రాసిన, మీ అత్తమ్మ వివరాలు రాసిన. సంవత్సరానికి సంపాదన ఎంత అన్న గడి కాడ చెయ్యి ఆడతలేదు బిడ్డా. ఒక నెల లక్ష మిగుల్తది. ఒక నెల పనోళ్ల జీతాలకు చేతి నుంచి పెట్టుకుంట. ఏమని రాయాలె?

మేనకోడలు: రిటర్న్‌లో ఉన్న అంకె రాయాలి మామా. అందులో ఆలోచించేదేముంది?

మామ: అది నా సంపాదన కాదు గద.

మేనకోడలు: కాకపోతే రిటర్న్‌లో ఎందుకు రాశావు?

మామ: నేను రాయలే, చట్టం రాసింది. 44ఏడీ అని ఒక సెక్షన్ ఉన్నది, మాలాంటి చిన్నోళ్ల కోసం. 2024-25ల నా అమ్మకం 52 లక్షలు. అండ్ల బ్యాంకుల పడ్డది 40, చేతికొచ్చింది 12. బ్యాంకుల పడ్డదానికి నూటికి 6, నగదుకు నూటికి 8 లాభం అనుకోని పన్ను కట్టు, లెక్కల పుస్తకాలు పెట్టకున్నా నడుస్తది అని సర్కారే చెప్పింది. లెక్కేస్తే 3 లక్షల 36 వేలు అయింది. ఆడిటర్ అదే నింపిండు. నిజంగ మిగిలింది 9 లక్షల దాంక ఉంటది. ఇన్నేండ్లు పుస్తకం వద్దన్నోళ్లు, ఇప్పుడు పాస్‌పోర్ట్ తీస్తే పుస్తకం ఏదంటరు. గిదేం న్యాయం?

మేనకోడలు: పుస్తకం వద్దన్నది మన సర్కారు. అడుగుతున్నది ఇంగ్లండ్. ఇద్దరినీ ఒకే గాట కట్టకు. ఇంకోటి, ఆ సెక్షన్‌లోనే 6, 8 శాతం కనీసం అని ఉంది. అంతకన్నా ఎక్కువ సంపాదించానని నువ్వు చెప్పుకుంటే ఆ ఎక్కువే ఆదాయం.

మామ: అడిగినదానికన్న ఎక్కువ ఇచ్చినోణ్ణి ఈ చర్లపల్లిల నాకొకణ్ణి చూపియ్యి.

మేనకోడలు: సరే, చూపించలేను. కానీ వీసా అధికారికి నువ్వెవరో తెలీదు. నీ షెడ్డు తెలీదు. ఆయన ముందు ఉండేది కాగితం ఒక్కటే.

మామ: ఆ కాగితమే తప్పు చెప్తదంటున్న. నాకు సాక్ష్యం కావాల్నంటే షెడ్డుకు రమ్మను. వీఎంసీ మిషన్ ఉన్నది, ఆరుగురు పనోళ్లున్నరు, కరెంటు బిల్లు ఉన్నది. నేను చేసిన పార్టు పట్టుకపోయి మైక్రోమీటర్ పెట్టి చూసుకోమను. పది మైక్రాన్లు తేడా వస్తే ఆ పార్టు నాకే తిరిగొస్తది. ఇరవై ఏడేండ్ల సంది నా మాట కన్న నా పని మీదనే కంపెనీలు నమ్మినయ్.

మేనకోడలు: ఆ కంపెనీ నీ పార్టును కొలిచి తీసుకుంటోంది, నిన్ను నమ్మి కాదు. వీసా అధికారి కూడా కొలుస్తాడు. ఆయన చేతిలో ఉన్న కొలత వేరు, అంతే.

మామ: ఆ కొలత జీతగాళ్ల కోసం చేసింది. మన లైన్ల ఒక పిలగాడు లండన్ల సొంతంగ కారు నడుపుకుంటడు, అక్కడ పర్మినెంట్ అయ్యిండు. ఇక్కడ పెండ్లి చేసుకున్నడు. పిల్లను తీస్కపోవాల్నంటే సంవత్సరానికి 29 వేల పౌండ్ల సంపాదన చూపియ్యాలంట. 18,600 ఉండేదాన్ని 2024 ఏప్రిల్‌ల పెంచిన్రు. సరే, పెంచిన్రు. అదే అంకె ఒక కంపెనీల నౌకరి చేసేటోడు ఆరు నెలల జీతం స్లిప్పులు పెట్టి చూపిస్తే సరిపోతది. వీడు సొంతంగ చేసుకుంటడు కాబట్టి పోయిన పన్ను సంవత్సరం పూర్తిగ చూపియ్యాలె. వాళ్ల సంవత్సరం ఏప్రిల్ 6 కాడ మొదలైతది. పెండ్లి అయింది జూన్‌ల. పోయిన ఏడాది లాభం తక్కువున్నది, ఈ ఏడాది మంచిగున్నది. అయినా మళ్ల ఏప్రిల్ వచ్చేదాంక ఆగాలె. కొత్త పెండ్లికొడుకు. ఆరు నెలలకు, ఏడాదికి ఉన్న తేడా ఏంది? వాడు నౌకరి చేస్తలేడు, అంతే గద?

మేనకోడలు: తేడా ఉంది. జీతం ఆరు నెలలు ఒకేలా వస్తే ఏడో నెల కూడా వస్తుందని అనుకోవచ్చు. సొంత పనిలో ఆరు నెలలు చూస్తే సీజన్ కనపడుతుందిగానీ బతుకు కనపడదు. కంపెనీలు ఆర్డర్లు ఆపేసిన రోజుల్లో ఆర్నెల్లు నీ షెడ్డును చూసి లెక్కకడితే నీ ఆదాయమెంత? ఏడాది చూడడం నీకే మేలు. ఒక్క ఏడాది చాలకపోతే రెండేళ్ళ సగటు చూపించే దారి కూడా వాళ్ళ నిబంధనల్లో ఉంది. జీతగాడికి ఉద్యోగం పోతే మొత్తం పోతుంది. నీకొక పార్టీ పోతే నాలుగో వంతు పోతుంది. ఆ బలం చూపించుకోవడానికి టైం పడుతుంది.

మామ: నువ్వు అక్కడికి పోయి వాళ్ల వకీలు అయినవ్.

మేనకోడలు: నేనూ జీతగత్తెను కాదు మామా, మర్చిపోయావా? జర్మనీ నివాస చట్టంలో 21వ సెక్షన్ ఉంది, సొంత పని చేసుకునే విదేశీయుల కోసం. దాని కిందే ఉన్నాను. మొదటిసారి పర్మిట్ అడిగినప్పుడు నాతో పని చేయించుకుంటామని కంపెనీలు రాసిచ్చిన ఉత్తరాలు పెట్టాను. రెన్యువల్‌కి ఉత్తరాలు చాలవు. పన్నుల ఆఫీసు నా ఆదాయం ఇంతని తేల్చి పంపిన కాగితం కావాలి. నా లాభనష్టాలు చూసి పన్ను సలహాదారు సంతకం పెట్టిన నివేదిక కావాలి. ఆరోగ్య బీమా, ఇంటి అద్దె ఒప్పందం, అన్నీ. ఆగస్టులో నాకు ఒక్క పైసా రాలేదు. అక్కడ ఆగస్టులో ఆఫీసులు సగం ఖాళీ, అందరూ సెలవుల్లో ఉంటారు. ఎందుకు రాలేదని అడిగారు. ఏడాది మొత్తం పరిచి చూపించాను. అద్దె, బీమా పోను బతకడానికి మిగులుతోందా అన్నదే చూశారు. నేనెవరి కూతుర్ని, మా మామ ఎవరు, ఎవరు తెలుసు అని ఎవరూ అడగలేదు. మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసులో పని జరగాలంటే ముందు తెలిసినవాళ్ళని వెతుక్కుంటాం. అక్కడ నాకు తెలిసినవాళ్ళెవరూ లేకపోయినా పని జరిగింది. అందుకే నాకు కాగితం అంటే కోపం లేదు.

మామ: ఆ సంతకం పెట్టిన సలహాదారుకు ఫీజు ఎవరిచ్చిన్రు?

మేనకోడలు: నేనే.

మామ: అంటే నీ పైసలు తీసుకొని నీ తరఫున సాక్ష్యం చెప్పిండు. దాన్ని జర్మనీ సర్కారు నమ్మింది. నా పనోళ్లు, నా ఇంటి పక్కోళ్లు పైసలు తీసుకోకుంట చెప్తరు. వాళ్లది చెల్లదు.

మేనకోడలు: ఆయన అబద్ధం రాస్తే ఆయన వృత్తే పోతుంది. పక్కింటాయనకి పోయేదేం లేదు. ఫీజు తీసుకున్నాడు కాబట్టే బాధ్యుడయ్యాడు. మన దగ్గరా అంతే. 2019 నుంచి సీఏ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్ మీదా 18 అంకెల యూడీఐఎన్ నంబరు ఉండాలి. ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నవాళ్ళైనా దాన్ని నెట్‌లో కొట్టి ఆ సర్టిఫికెట్ నిజంగా ఆ సీఏ ఇచ్చిందేనా అని చూసుకోవచ్చు.

మామ: ఆయన ఇచ్చిండా లేదా తెలుస్తది. అండ్ల ఉన్నది నిజమా కాదా తెలుస్తదా?

మేనకోడలు: తెలీదు.

మామ: ఆ! ఇంకోటి చెప్త విను. వ్యాపారం ఎప్పుడు మొదలైందో చూపించే కాగితం కావాల్నన్నరు. నా జీఎస్టీ కాగితం మీద 2017 ఉన్నది. ఆ జీఎస్టీ పుట్టిందే 2017 జులై ఒకటిన. ఏం చెయ్యాలె అంటే ఉద్యం సర్టిఫికెట్ తీయమన్నరు. కంప్యూటర్ ముంగట కూసున్న పిలగాడు ఎప్పుడు మొదలువెట్టినవ్ అంకుల్ అన్నడు. 1998 అన్న. కొట్టిండు. సర్కారు బొమ్మతోటి కాగితం వచ్చింది, అండ్ల 1998. ఒక్క ముక్క రుజువు అడగలే. నా నోటి మాటనే గద బిడ్డా అది? నేను చెప్తే చెల్లది, నేను చెప్పిందే ప్రింటయి వస్తే చెల్తది.

ఈ దెబ్బకి మేనకోడలు కాసేపు ఊరుకుంది. ఉద్యం నమోదు 2020 జులైలో మొదలైంది, అది స్వీయ ప్రకటన మీదే నడుస్తుంది. చిన్న పరిశ్రమల వాళ్ళని ఆఫీసుల చుట్టూ తిప్పకూడదన్న మంచి ఉద్దేశంతోనే అలా పెట్టారు. దాన్ని విదేశీ అధికారి ముందు రుజువుగా పెట్టాల్సి వస్తుందన్న ఆలోచన అప్పుడు ఎవరికీ ఉండి ఉండదు.

మేనకోడలు: అది ఒప్పుకుంటాను. కానీ నీ దగ్గర నీ నోటి మాట కానిది కూడా ఉంది, నువ్వు దాన్ని లెక్కలోకే తీసుకోవడం లేదు. నీకు జాబ్ వర్క్ ఇచ్చే కంపెనీలు బిల్లు కట్టేటప్పుడు ఒక శాతం టీడీఎస్ కోసుకుంటాయి కదా. అదంతా నీ పాన్ మీద పన్నుశాఖ 26ఏఎస్ పట్టికలో పడుతుంది. ఏ కంపెనీ, ఏ తేదీ, ఎంత. అది నువ్వు రాసింది కాదు, నీ ఆడిటర్ రాసింది కాదు. నీకు డబ్బిచ్చినవాళ్ళు సర్కారుకి చెప్పిన మాట. జీతగాడికి కంపెనీ ఇచ్చే ఫారం 16 ఎంత గట్టిదో అదీ అంతే గట్టిది. నీకు పైన ఆఫీసర్ లేడంటావు, నాలుగు కంపెనీలు నీ గురించి రాసిపెట్టాయి. పదేళ్ళవి తీసి పెట్టు.

మామ: అది అమ్మకం చెప్తది, లాభం చెప్పదు. 40 లక్షల పని చేసిన అని తెలుస్తది. అండ్ల ఇనుముకు పోయిందెంత, కరెంటుకు పోయిందెంత, నాకు మిగిలిందెంత? మిగిలింది ఎంత అంటే మళ్ల ఆ 3 లక్షల 36 వేల కాడికే వస్తది కథ. మిగిలిన 12 లక్షలు బోరు మోటారు షాఫ్టులు, ట్రాలీ పార్టులు, రైస్ మిల్లు బుష్‌లు. వాళ్లు చేతిల పైసలు పెట్టి పోతరు. వాళ్లు టీడీఎస్ కోస్తరా?

మేనకోడలు: కోయరు. అందుకే ఆ నగదును నీ బ్యాంకులో ఎప్పటికప్పుడు వేసుకుంటూ ఉండాల్సింది. వారం వారం వేస్తే వ్యాపారం డబ్బులా కనపడుతుంది. వీసా ముందు నెలలో ఒకేసారి 4 లక్షలు వేస్తే అప్పు తెచ్చిన డబ్బులా కనపడుతుంది. ఆదాయానికీ ఖాతాలో పడ్డ సొమ్ముకీ పొంతన లేకపోతే వాళ్ళు మొదట పట్టుకునేది అదే.

మామ: అప్పు అంటే యాదికొచ్చింది. మొన్న ఈసీఐఎల్ చౌరస్త కాడ ఒకాయన కలిసిండు. 15 లక్షలు మూడు నెలలు నీ అకౌంట్ల పెట్టిస్త, వడ్డీ ఇయ్యి చాలు అన్నడు. స్టూడెంట్లకు, తల్లిదండ్రులకు అందరికి చేస్తడంట.

మేనకోడలు: నువ్వేమన్నావు?

మామ: ఇరవై ఏడేండ్లల నా మిషన్ మీద వేరేటోని పార్టు చేసి నాదని పంపలే అన్న.

మేనకోడలు: మంచి పని చేశావు. అది బయటపడితే ఇంగ్లండ్ పదేళ్ళు రానివ్వదు. కెనడా ఐదేళ్ళు. అమెరికాలో అయితే మినహాయింపు దొరికితే తప్ప జన్మంతా అంతే.

మామ: అమెరికాది మొదటి నుంచి వేరే తీరు. వాళ్ల 1952 చట్టంల 214(బి) అని ఉన్నదంట. వచ్చిన ప్రతి ఒక్కడు ఇక్కడనే ఉండిపోతానికి వచ్చిండు అనుకోవాల్నట, కాదని వాడే రుజువు చేసుకోవాల్నట. మా షెడ్డు పక్కాయన ఇంత మందం ఫైలు పట్టుకొని నానక్‌రామ్‌గూడ పోయిండు. రెండు ప్రశ్నలడిగి పంపిన్రు, ఫైలు తెరువలే. అక్కడ కాగితమే చూడరు, ఇక్కడ కాగితమే చూస్తరు. నీ సిద్ధాంతం రెండిట్ల దేనికి సరిపోతది?

మేనకోడలు: అమెరికా సంగతి నన్నడగకు. నేను సమర్థించేది కొలిచి చూసేవాళ్ళని. మొహం చూసి పంపేవాళ్ళని కాదు. ఇంగ్లండ్‌లోనూ అంతా బాగుందని అనను. చుట్టపుచూపుకు వెళ్ళేవాళ్ళకి వీసా రాకపోతే అప్పీలు చేసుకునే హక్కు ఉండేది, 2013లో తీసేశారు. ఇప్పుడు తప్పు వాళ్ళదైనా మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి. ఐరోపాలో షెంగెన్ దేశాలు కాదంటే ఏ కారణమో రాసివ్వాలి, అప్పీలూ ఉంటుంది. కొలిచేవాడికి తన కొలత తప్పైతే అడిగేవాడుండాలి. అక్కడ నేను నీతో ఉన్నాను.

మామ: ఇంతసేపటికి ఒక్క మాట నా దిక్కు మాట్లాడినవ్.

మేనకోడలు: ఇప్పుడు నీకు కోపమొచ్చే మాట అడుగుతాను. మరదలు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది కదా. దానికి మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ తీశావు. అందులో ఎంత ఉంది?

మామ: అది పాత సంగతి.

మేనకోడలు: ఎంత?

మామ: లక్ష 80 వేలు.

మేనకోడలు: వీఎంసీ మిషన్‌కి బ్యాంకు లోన్ తీసుకున్నప్పుడు ఆడిటర్ ప్రొజెక్షన్ రిపోర్టు చేశాడు. అందులో లాభం?

మామ: 14 లక్షలు చూపెట్టిండు.

మేనకోడలు: రిటర్న్‌లో 3 లక్షల 36 వేలు. చేతిలో 9. ఒకే షెడ్డు, అవే మిషన్లు, నువ్వొక్కడివే. నీ దగ్గర రుజువు లేకపోవడం కాదు మామా, రుజువులు ఎక్కువైపోయాయి. ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో ఆదాయం. ఇప్పుడు ఇంగ్లండ్ కిటికీ దగ్గరికొచ్చి నిజం ఏదంటే నీ చెయ్యి ఆగిపోయింది. ఆగదా మరి?

మామ: కిటికీలు నేను పెట్టిన్నా? ఫీజు రావాల్నంటే పట్నంల ఏడాదికి 2 లక్షలు దాటొద్దు అన్నరు. అంటే నెలకు 17 వేలొచ్చేటోడు ఉన్నోడు కింద లెక్క. 17 వేల మీద నలుగురు బతికి, ఇంజనీరింగ్ ఫీజు కట్టుడు సాధ్యమా? ఆ హద్దు పెట్టినోనికి సిగ్గుండాలె, నాకు కాదు. నేను నిజం రాస్తే చిన్నదాని చదువు ఆడనే ఆగు. ఇయ్యాల అది ఇంగ్లండ్ల ఉన్నదంటే ఆ లక్ష 80 వేల కాగితం మీద ఉన్నది. లోన్ కాడ సంగతి గూడ అంతే. ఇంత చూపిస్తెనే మిషన్‌కు పైసలొస్తయని బ్యాంకోళ్లే నోరు తెరిచి చెప్పిన్రు. అన్ని కిటికీల కాడ అడిగినోళ్లు వాళ్లకు కావాల్సిన అంకె ముందే చెప్పిన్రు. నేను రాసిచ్చిన.

మేనకోడలు: పక్కింటి పెన్షన్ ఆయన పిల్లలకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు.

మామ: ఆయనకు ఆస్పత్రి ఉండె, క్వార్టర్ ఉండె.

ఇక్కడ నా మాట ఒకటి కలుపుతాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారుగానీ, మేనమామ చెప్పని ముక్క ఒకటుంది. జీతగాడి ఫారం 16 ఏ కిటికీ దగ్గరైనా ఒకటే మాట చెబుతుంది. ఫీజు రాయితీ కోసం అది తగ్గదు, లోన్ కోసం పెరగదు. సొంత పనివాడికి మాత్రం ఎక్కడికక్కడ తగ్గి పెరిగే వెసులుబాటు ఇన్నాళ్ళూ ఉంది. అది తక్కువ లాభమేమీ కాదు, ఈ ప్రాంతంలో ఎన్నో షెడ్లు దాని మీదే నిలబడ్డాయి. వీసా దగ్గర పడుతున్న బాధ ఆ వెసులుబాటుకి ఆలస్యంగా వచ్చిన బిల్లు. మేనకోడలు చెప్పనిది కూడా ఉంది. బెర్లిన్‌లో ఆమె ఆదాయాన్ని అడిగే ఆఫీసులన్నీ పన్నుల ఆఫీసు చెప్పిన అంకెనే తీసుకుంటాయి, ఎవరికి వారు కొత్త అంకె కోరరు. ఆమె నిజాయితీకి అక్కడ ఖర్చు తక్కువ.

తరవాత వాదన నేననుకోని మలుపు తిరిగింది.

మేనకోడలు: సరే, పనికొచ్చేది మాట్లాడుకుందాం. ఇంగ్లండ్ చుట్టపుచూపు వీసాకి ఇంత సంపాదించాలి అన్న అంకె ఏమీ లేదు. ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు, తిరిగొస్తారా, చెప్పిన మాటకి కాగితానికి పొంతన ఉందా, ఇంతే. గడిలో 3 లక్షల 36 వేలు రాసెయ్యి. ఖర్చంతా మరదలు, అల్లుడు పెట్టుకుంటారని వాళ్ళు ఉత్తరం రాసిస్తారు, వాళ్ళ జీతం స్లిప్పులు పెడతారు. షెడ్డు, ఇల్లు ఇక్కడున్నాయి కాబట్టి తిరిగొస్తావు. అయిపోయింది.

మామ: 3 లక్షల 36 వేలు రాయ. 9 లక్షలు రాస్త.

మేనకోడలు: రిటర్న్‌లో లేని అంకె ఎలా రాస్తావు?

మామ: నిజం గనుక రాస్త. గడిల ఏమడిగిన్రు? నీ సంపాదన ఎంత అని అడిగిన్రు. రిటర్న్‌ల ఎంత చూపిచ్చినవ్ అని అడుగలే. ఇంతసేపు నువ్వే చెప్తివి గద, కిటికీకొక అంకె రాసినవ్ అని. ఇప్పుడు నాలుగో కిటికీ కాడ మళ్ల తక్కువ రాయమంటున్నవ్.

మేనకోడలు: రుజువు చేయగలిగిందే రాయమంటున్నాను.

మామ: రుజువు చేయగలిగిన అబద్ధం రాయమంటున్నవ్. బిడ్డ పైసలతోటి పోతున్న అని రాయాల్నా? నా టికెట్ నేను కొనుక్కోలేనోణ్ణా? మీ అత్తమ్మకు టికెట్ కొనలేనా? ఇరవై ఏడేండ్లు లేత్ కాడ నిలబడి, ఆఖరుకు బిడ్డ మీద ఆధారపడ్డ ముసలోని లెక్క పోవాల్నా?

మేనకోడలు: 9 అని రాసి, కింద 3 లక్షల 36 వేల రిటర్న్ పెడితే నీ దరఖాస్తు నమ్మదగింది కాదని తిప్పి పంపుతారు. నీ ఆత్మగౌరవం వాళ్ళకి కనపడదు, రెండు అంకెలు కనపడతాయి.

మామ: 44ఏడీ అంటే ఏందో, ఎందుకు ఆ తేడా వచ్చిందో ఒక ఉత్తరం రాసి పెట్టు. ఇంగ్లీషు నీకొస్తది.

మేనకోడలు: రాయగలను. చట్టం ప్రకారం లెక్కకట్టిన లాభం ఇది, అసలు మిగిలింది ఇది అని. కానీ ఆ ఉత్తరం అర్థం ఏంటో చూడు. నేను ఎక్కువ సంపాదించి నా దేశానికి తక్కువ చెప్పాను అని పరాయి దేశానికి సంతకం పెట్టి ఇవ్వడం. అది మన చట్టం ప్రకారం తప్పో కాదో ఆడిటర్లే రెండు రకాలుగా వాదిస్తారు. తప్పు కాకపోయినా, సొంత సర్కారుకి చెప్పనిది మాకు చెబుతున్నాడంటే నమ్మడం ఎలా అని వాళ్ళనుకోరా?

మామ: అయితే సొంత సర్కారుకు గూడ చెప్త.

మేనకోడలు: ఏంటి?

మామ: ఆడిటర్ ఎప్పుడో అన్నడు, ఇచ్చిన రిటర్న్‌ను మళ్ల దిద్ది పైసలు కట్టొచ్చని.

మేనకోడలు: ఐటీఆర్-యూ. 2022లో తెచ్చారు, ఇప్పుడు నాలుగేళ్ళ దాకా దిద్దుకోవచ్చు. 9 లక్షలకి 2024-25 కొత్త పద్ధతి శ్లాబుల ప్రకారం పన్ను 41,600. దాని మీద పావు వంతు అదనం, మొత్తం 52 వేలు, వడ్డీ వేరే. తక్కువ చూపించినందుకు నీకు కోసిన టీడీఎస్ 40 వేలు రిఫండ్ వచ్చింది కదా, అది తిరిగి కట్టినట్టే. తమాషా ఏంటంటే, 2025-26 ఏడాదికి 12 లక్షల దాకా పన్నే లేదు. 9 లక్షలు నిజంగా చూపించినా నీ టీడీఎస్ మొత్తం వెనక్కొస్తుంది. ఇప్పుడు దాచడానికి కారణమే లేదు.

మామ: ఉన్నది. ఒక్కసారి 9 చూపిస్తే, వచ్చే ఏడు పనులు లేక 5 అయితే, ఎందుకు తగ్గింది అని నోటీసు. నీకు ఆగస్టు గురించి ఒక్కసారి అడిగిన్రు. మాకు ప్రతి ఏడాది ఆగస్టే.

మేనకోడలు: నోటీసొస్తే పుస్తకం చూపిస్తావు. ఈ ఏప్రిల్ నుంచి పుస్తకం పెట్టు. నగదు బ్యాంకులో వెయ్యి.

మామ: మరి 52 వేలు కడ్త, దిద్దిన రిటర్న్ పెడ్త, 9 రాస్త. అప్పుడు ఇస్తరా వీసా?

మేనకోడలు: చెప్పలేను. దరఖాస్తుకి నెల ముందు రిటర్న్ దిద్దావంటే వీసా కోసమే దిద్దావని అనుకోవచ్చు. ఏడాది ఆగితే గట్టిగా ఉంటుంది, రెండేళ్ళ రిటర్న్‌లు ఒకేలా కనపడతాయి. కానీ మరదలికి నెలలు దగ్గరపడ్డాయి, అప్పటిదాకా ఆగలేం. అందుకే అంటున్నాను, ఈసారికి వాళ్ళ ఖర్చుతో వెళ్ళు. పన్ను సంగతి వచ్చాక తాపీగా చూద్దాం.

మామ: తాపీగ అనే ఇన్నేండ్లు నడిచింది. రేపు ఆడిటర్ కాడికి పోదాం. ముందు దిద్దుడు, తర్వాత గడి.

మేనకోడలు: వీసా రాకపోతే నన్ననకు.

మామ: అనను. గానీ ఆ లక్ష 80 వేల సర్టిఫికెట్ సంగతేంది? దాన్ని దిద్దనికి ఏ ఫారం ఉన్నది?

మేనకోడలు: అది ఎవరూ అడగరు మామా. ఏళ్ళు గడిచిపోయాయి. వీసాకి దానికి సంబంధం లేదు.

మామ: నువ్వు అడిగినవ్ గద.